ఊరి దారి, నీటి దారి

అందరికీ నమస్కారం.

‘కొత్త పుంతలు తొక్కింది’ అని పత్రికల్లో తరచూ చదువుతుంటాం. పుంత అంటే ఏమిటని పిల్లల్ని అడిగితే తెల్లమొహం వేస్తారు. పొలాల మధ్య ఎడ్లబండి వెళ్లే మట్టిదారే పుంత. డొంక కూడా దానికి దగ్గరిదే. చక్రాలు అరగదీసి, వాన కోసుకుపోయి, పక్క పొలం కంటే లోతుకు దిగిపోయిన డొంకలు చాలా కనిపిస్తాయి. అవి వానాకాలంలో వాగులైపోతాయి. దారికీ నీటికీ ఉన్న ఈ పాత తగాదా గురించే ఇవాళ నాలుగు మాటలు చెబుతాను.

పల్లె దారి ఎందుకన్ని వంకర్లు తిరుగుతుంది? తిన్నగా వెయ్యడం చేతకాకనా? కాదు. నడిచి నడిచి దారి చేసినవాళ్లకి నేల వాటం తెలుసు. బురద దిగే చోటు వదిలేస్తారు. వాగును దాటాలంటే ఇరుకైన చోటుకు పోరు, అక్కడ గట్లు నిలువుగా ఉంటాయి, బండి దిగదు. వాగు వెడల్పై, నీళ్లు పలచబడి, అడుగున గులకరాళ్లో రాతిబండో ఉన్న రేవు వెతుక్కుంటారు. చుట్టుపక్కల దారులన్నీ ఆ రేవు దగ్గరికే వచ్చి కలుస్తాయి. మిట్ట మీదుగా పోయే దారి చుట్టు తిరుగుడే, కానీ నీళ్లు రెండు వైపులకూ జారిపోతాయి, దాటాల్సిన వాగులూ తక్కువ. పల్లం దారి దగ్గర. అయితే ప్రతి పిల్లకాలువా దానికి అడ్డమే.

రోడ్లు వేయించే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక తప్పు చేశాను. ఎండాకాలంలో సర్వే చేసి, వాలుకు అడ్డంగా తిన్నని గీత గీసి, కట్ట పోయించి, సులువుగా ఉన్నచోట రోడ్డు కింద నీళ్లు పోయే తూము పెట్టించాను. మొదటి వానకే నా రోడ్డు చెరువుగట్టయింది. ఎగువ పొలాలు మునిగాయి. నీళ్లు తూము వైపు తొంగి కూడా చూడలేదు, వాటి పాత దారిలోనే కట్ట తెంచుకుని పోయాయి. “ఇక్కడ నీళ్లు పారతాయని మమ్మల్ని అడిగితే చెప్పేవాళ్లం కదయ్యా” అన్నారు రైతులు. ఏం జవాబు చెప్పను?

స్కాట్లండ్‌లో పుట్టిన రోడ్ల నిపుణుడు జాన్ మెకాడం (1756–1836) పట్టించుకున్నదీ ఈ నీటి సంగతే. బరువు మోసేది రాళ్లు కాదు, వాటి కింది నేల, అది పొడిగా ఉన్నంతకాలం మోస్తుంది అన్నాడాయన. అందుకే రోడ్డును చుట్టూ ఉన్న నేల కంటే ఎత్తులో ఉంచి, చిన్న కంకర పరిచి, పక్కన కాలువలు తీయించాడు. మన కాంట్రాక్టర్లు ‘డబ్ల్యూబీఎం (వాటర్ బౌండ్ మెకాడం) రోడ్డు’ అంటారే, అందులో చివరి ‘ఎం’ ఆయనే.

కంకర రోడ్డుకు మధ్యలో ఎత్తు ఉండాలి, అంచులకు సుమారు 4 శాతం వాలు ఉండాలి. 3 మీటర్ల రోడ్డైతే నడుమ నుంచి అంచుకు 6 సెంటీమీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది. ఆ కాస్త అరిగిపోతే నడుమ నీళ్లు నిలుస్తాయి, గుంత పడుతుంది, ఆ గుంతలో మళ్లీ నీళ్లు. నల్లరేగడిలో అయితే చెప్పక్కర్లేదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, పైన తారు వేసినా చీరేస్తుంది.

మరి లారీల మాటేమిటంటారా? వాటినీ వదలను. అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర 1958–60లో రోడ్ల మీద బళ్లు తిప్పి పరీక్షించారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం దాదాపు 16 రెట్లు అవుతుందని తేలింది. తడిసి మెత్తబడిన రోడ్డు మీద అంత బరువు పడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఈసారి గట్టి వాన పడ్డప్పుడు మీలో నలుగురు గొడుగులు తీసుకుని బయల్దేరండి. ఊరి రోడ్డు పొడవునా నడిచి, నీళ్లు ఎక్కడ రోడ్డెక్కుతున్నాయో, ఎటు దిగుతున్నాయో చూసి అక్కడల్లా ఒక కర్ర పాతండి. వెలిశాక ఇంజనీరుగారిని పిలిచి ఆ కర్రలు చూపించండి. తూములు పెట్టాల్సింది అక్కడే.