ఫోనులో దొరకని పాఠం

శ్రోతలకు నమస్కారం. ముందు ఒక చిన్న పని చేద్దాం. బండి మీదున్నవాళ్లు మాత్రం వద్దు. కుడి చేతిని పూర్తిగా చాచండి. మోచేయి చివర్లో టక్కున ఆగిపోయింది కదా? ఎముకకు ఎముక తగిలింది. ఇప్పుడు మడవండి. ఈసారి మెత్తగా ఆగింది. ముంజేతి కండ, జబ్బ కండ ఒకదానికొకటి ఒత్తుకున్నాయి. ఇక కాలు చాచి పాదాన్ని మీవైపు లాగండి. పిక్క బిగుసుకుని, రబ్బరులా కాస్త సాగి ఆగుతుంది. ఫిజియోథెరపీలో దీన్ని ఎండ్ ఫీల్ అంటాం. పేషెంటు కీలును మనం కదిపినప్పుడు, కదలిక చివర మన చేతికి తెలిసే తీరు అది. మెత్తగా ఆగాల్సిన చోట గట్టిగా ఆగిందంటే లోపల ఏదో తేడా ఉన్నట్టే.

నేను ఫిజియోథెరపీ పాఠాలు చెబుతాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా పిల్లలు హాస్టల్ ఖాళీ చేసి ఊళ్లకు వెళ్లిపోయారు. ఈ ఎండ్ ఫీల్ పాఠం ఫోనులో చెప్పాల్సి వచ్చింది. ఒకబ్బాయి సిగ్నల్ కోసం డాబా ఎక్కేవాడు. పాఠం సగంలో ఉండగా ఎండకు వాడి ఫోను వేడెక్కి ఆగిపోయేది. కీలు ఎన్ని డిగ్రీలు వంగిందో కొలిచే గోనియోమీటర్లేమో కాలేజీలో ఉండిపోయాయి. ఒకమ్మాయి రెండు అట్టముక్కల్ని గుండుసూదితో గుచ్చి, తమ్ముడి జామెట్రీ బాక్సులోని కోణమానిని అతికించి సొంతంగా ఒకటి తయారు చేసుకుంది. ముచ్చటేసింది. ఆ తమ్ముడే పేషెంటు కూడా. వాడి మోకాలు 135 డిగ్రీలు వంగిందని సరిగ్గానే చెప్పింది.

చిక్కల్లా ఆ తమ్ముడు ఆరోగ్యంగా ఉండటమే. కండ బలానికి మేం 0 నుంచి 5 దాకా గ్రేడు వేస్తాం. కాలి బరువును కాలే పైకి లేపగలిగితే 3. మనం చేత్తో కొంత అదిమినా నిలబెట్టుకోగలిగితే 4. గట్టిగా అదిమినా లొంగకపోతే 5. ఇంట్లో ఎవర్ని పరీక్షించినా ఐదే. నాలుగుకీ ఐదుకీ తేడా చెప్పాల్సింది పరీక్షించేవాళ్ల చెయ్యి, దానికి బలం తగ్గిన మనుషులు కొందరు తగలాలి. కాలేజీ తెరిచాక చూస్తే కండరాల పేర్లు, నరాల పేర్లు అందరికీ నోటికొచ్చు. పేషెంటు కాలిని మాత్రం అరచేత్తో ఆనించి పట్టుకోకుండా, వేళ్లతో గిల్లినట్టు పట్టుకునేవాళ్లు. ఆ బెరుకు వదలడానికి నెలలు పట్టింది.

అలాగని ఆన్‌లైన్ అంతా దండగని అనను. నడక పాఠమే చూడండి. ఒక మడమ నేలకు తగిలి, మళ్లీ అదే మడమ తగిలేసరికి సుమారు ఒక సెకను. అందులో 60 శాతం సేపు ఆ కాలు నేల మీద, మిగతా 40 శాతం గాల్లో. పక్షవాతం వచ్చిన మనిషి వార్డులో నడుస్తుంటే, కొత్త కుర్రాడికి ఏదైనా కనిపించేలోపే అడుగు దాటిపోతుంది. అలసిపోయిన మనిషిని ఎన్నిసార్లని మళ్లీ నడవమంటాం? స్లో మోషన్ వీడియోలో అయితే పాదం వేలాడటం, అది నేలకు రాసుకోకుండా తుంటి ఎత్తడం కావలసినన్ని సార్లు చూడొచ్చు. ఇప్పటికీ ఆ వీడియోలు ఇంట్లోనే చూసి రమ్మంటాను. క్లాసు టైమంతా చేతులకే.

అన్నట్టు, ఫిజియోథెరపీ డిగ్రీని పూర్తిగా ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి యూజీసీ 2020 నిబంధనలు ఒప్పుకోవు. ఇంట్లో కూర్చుని డిగ్రీ తీసుకోండని ఎవరైనా ప్రకటన చూపిస్తే డబ్బు కట్టకండి.

నేను ఊహించని లాభం ఇంకొకటి జరిగింది. మోకీలు మార్పిడి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడకు మా కుర్రాడు వీడియో కాల్‌లో ఎక్సర్‌సైజు చెబుతున్నాడు. "తొడ కండరాన్ని ఐసోమెట్రిక్‌గా కాంట్రాక్ట్ చేయండి మామ్మగారూ" అన్నాడు. "ఏం చెయ్యమంటావు నాయనా?" అందావిడ. పక్కనే ఉంటే తొడ మీద చెయ్యి వేసి చూపించి దాటేసేవాడు. కాసేపు తడబడి, మళ్లీ మొదలెట్టాడు. "తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకోండి. దాన్ని మోకాలితో మంచానికేసి అదమండి. ఐదు లెక్కపెట్టి వదిలేయండి." ఆవిడ అదిమింది. తొడ కండ బిగుసుకోవడం తెర మీద మాకూ కనిపించింది.

అప్పట్నుంచి నేనొక పరీక్ష పెడుతున్నాను. చేతులు కట్టుకుని, ఒక్క ఇంగ్లీషు ముక్క రాకుండా ఎక్సర్‌సైజు చెప్పాలి. మొదటిసారి చాలామంది ఫెయిలవుతారు. ఈ మైకు ముందు ఇవాళ నేనూ అదే పరీక్షకు కూర్చున్నాను, మీ కాలు నాకు కనిపించదు. పాదాన్ని ఇంకా లాగి పట్టుకునే ఉంటే, ఇక వదిలేయండి. నమస్కారం.