మొప్పలు తీసెయ్యాల్నా, ఉంచాల్నా?

శ్రోతలకు నమస్కారం.

ఆదివారం పొద్దున కర్నూలులో చేపలు కొన్నాక, కోయించుకోవడానికి కత్తిపీట ముందు నిలబడతాం. ఆ అక్క శీలావతి పొలుసు గీకి, పొట్ట చీల్చి, తల చేతిలో పట్టుకుని అడుగుతుంది: "మొప్పలు తీసెయ్యాల్నా, ఉంచాల్నా?" చేపలో చేరే విషపు లోహాల గురించి ఈ రోజు నా మాటలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే. అయితే ముందు జపాన్ దాకా పోయి రావాలి.

అక్కడ నీగాటా అనే ఊరు ఉంది. పక్కనే అగానో నది. మన తుంగభద్ర ఒడ్డు పల్లెల లాగే అక్కడి పల్లెలకూ నది చేపే కూర. 1965 మొదట్లో ఆ పల్లెల మనిషి ఒకాయన ఆసుపత్రికి వచ్చాడు. కాళ్లూ చేతులూ తిమ్మిర్లు, నడిస్తే తూలుడు, ఎదురుగా ఉన్నది తప్ప పక్కన ఉన్నది కనపడదు. డాక్టర్లు ఆయన తల వెంట్రుకలు పరీక్ష చేయించారు. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే మనం ఏ నెలలో ఏం తిన్నామో మన వెంట్రుకే రాసి పెట్టుకుంటుంది. ఆ వెంట్రుకల్లో పాదరసం దొరికింది, మామూలుగా ఉండేదానికి ఎన్నో రెట్లు.

ఆయన పాదరసం ముట్టుకున్నవాడు కాదు. చేపలు తిన్నాడు, అంతే.

నది వెంట పైకి పోతే, సముద్రంలో కలిసే చోటుకు సుమారు 60 కిలోమీటర్ల ఎగువన, కనోసె అనే ఊళ్లో షోవా డెంకో అనే రసాయనాల కంపెనీ ఫ్యాక్టరీ. మనకు నంద్యాల ఎంత దూరమో దాదాపు అంత దూరం. అక్కడి మురుగునీళ్లలో మిథైల్ పాదరసం, అంటే ఒంట్లోకి తేలిగ్గా చేరే రకం పాదరసం, నదిలోకి దిగింది. నీళ్లు చూస్తే తేటగా ఉన్నాయి. నీళ్లలోని నాచు దాన్ని కొంచెం పట్టింది. నాచు తిన్న పురుగులో ఇంకొంచెం, పురుగును తిన్న చేపపిల్లలో ఇంకొంచెం, పిల్లలను మింగిన పెద్ద చేపలో చాలా. లోపలికి వచ్చింది తొందరగా బయటికి పోదు. నిన్నటిది పోకముందే ఈ రోజుది వస్తుంది. ఈ రోజుది పోకముందే రేపటిది.

కంపెనీ ఒప్పుకోలేదు. అంతకు ముందు ఏడాది భూకంపంలో గోదాములు పగిలి పురుగుమందు నదిలో కలిసిందని వాదించింది. 1967లో బాధితులు కోర్టుకెక్కారు, 1971లో గెలిచారు. తిమ్మిరెక్కిన చేతులతో నాలుగేళ్లు తిరిగిన ఆ పల్లెవాళ్లంటే నాకు చాలా గౌరవం.

ఇది చెప్పి మిమ్మల్ని చేపలకు దూరం చేయాలని కాదు. చేప మంచి తిండి, బలమైన తిండి. మా అవ్వ బాలింతలకు చేపల పులుసు పెట్టేది, ఆమె చేసింది సరైన పనే. ఎంచుకోవడంలో, కోయించుకోవడంలోనే జాగ్రత్త.

చేపలో పాదరసం ఎక్కువగా కండలోనే ఉంటుంది. కడిగినా పోదు, ఉప్పూ పసుపూ రుద్దినా పోదు, ఎంత మరిగించినా పోదు. కాబట్టి ఏ చేప కొంటున్నామో చూడాలి. శీలావతి, బొచ్చె నాచూ సన్నటి జీవులూ తిని బతుకుతాయి, వాటిలో చేరేది తక్కువ. వాలుగ, కొరమీను సాటి చేపలను మింగుతాయి. అవి పెరిగిన కొద్దీ కూడబెట్టుకుంటాయి. కడుపుతో ఉన్న ఆడవాళ్లు బాగా పెద్ద వాలుగ జోలికి తరచుగా పోకుంటే మేలు, ఎందుకంటే మిథైల్ పాదరసం మాయ దాటి బిడ్డకు చేరుతుంది.

సీసం, కాడ్మియం కూడా విషపు లోహాలే, కానీ వాటి దారి వేరు. పాత బ్యాటరీల నుంచీ, రంగుల నుంచీ, ఫ్యాక్టరీల మురుగు నుంచీ నీళ్లలోకి వచ్చేవి అవి. చేపలో కండకన్నా మొప్పల్లో, కార్జంలో, మూత్రపిండాల్లో ఎక్కువ చేరతాయి. మొప్ప అంటే చేపకు ముక్కు లాంటిది, రోజంతా నీళ్లను వడపోస్తూ ఉంటుంది. మనలో చాలామంది తలకాయ పులుసులో మొప్పలతోనే వేసేస్తారు. కార్జం రుచి అని విడిగా వేయించుకునేవాళ్లూ ఉన్నారు. ఊరి మురుగు కలిసే చోట పట్టిన చేపైతే ఆ రుచి వదులుకోండి.

తలకాయ మానక్కర లేదు. మొప్పలు తీయించండి, పేగులూ కార్జమూ తీయించండి, వీపు ఎముకకు లోపలి వైపు అంటుకుని ఉండే నల్లటి ఎరుపు గడ్డను గోరుతో గీకించండి. అది చేప మూత్రపిండం. దాన్ని చాలామంది వదిలేస్తారు. ఈ ఆదివారం ఆ అక్క అడిగినప్పుడు, "మొప్పలు తీసెయ్యక్కా, వెన్నుముల్లు కింద ఎర్రటిది కూడా గీకెయ్" అని చెప్పండి. ఇంకో అర నిమిషం పడుతుంది.