బరువు ఎత్తించే ముందు

శ్రోతలకు నమస్కారం.

మన హైదరాబాద్‌లో పొద్దున్నే అయిదింటికి, పాలప్యాకెట్లు వేసే కుర్రాళ్లతో పాటు రోడ్డెక్కేది మా పర్సనల్ ట్రైనర్లే. ఆరింటికల్లా మొదటి క్లయింట్ వచ్చేస్తారు. మధ్యాహ్నం జిమ్ ఖాళీ. మళ్లీ సాయంత్రం మొదలైతే రాత్రి పది దాకా నిలువుకాళ్ల మీదే. పన్నెండేళ్లుగా నా రోజు ఇలాగే గడుస్తోంది.

ఈ ఊరికి కసరత్తు కొత్త కాదు. పాతబస్తీ తాలీంఖానాల్లో ఉస్తాద్ శిష్యుణ్ణి ఏళ్ల తరబడి కనిపెట్టి చూసేవాడు. మా పనిలో అసలైనది కూడా ఆ చూపే.

పోయినేడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకావిడ వచ్చారు. అరవై దాటాయి. "సన్నబడాలని కాదు బాబూ. పూజ దగ్గర కింద కూచుంటే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవాలి" అన్నారు. రోజూ పార్కులో నడుస్తారట. నడక మంచిదే. కానీ వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమతో పాటు, రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మరోసారి చెప్పింది. పెద్దవయసులో అది మరీ అవసరం.

మొదటి రోజు ఆవిణ్ణి డంబెల్ ముట్టనివ్వలేదు. ఛాతీలో పట్టేసినట్టు ఉంటుందా, కళ్లు తిరుగుతాయా, ఏం మందులు వాడుతున్నారు అని అడిగాను. బీపీ ఉందన్నారు. డాక్టర్‌గారిని అడిగి రమ్మన్నాను. ఆ తర్వాత ఒక కుర్చీ వేసి, కూచోవడం, లేవడం. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టేస్తున్నారు. అలా బిగబడితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. అందుకని అంకెలు పైకి లెక్కపెట్టమన్నాను. నోరు పలుకుతుంటే ఊపిరి బిగబట్టలేం కదా. కొన్నాళ్లకు కుర్చీ పోయి స్టూలు వచ్చింది, స్టూలు పోయి పీట వచ్చింది.

డాక్టర్‌కి, లాయర్‌కి ఉన్నట్టు ట్రైనర్‌కి లైసెన్సు తప్పనిసరి అనే చట్టం మన దగ్గర లేదు. కండలుంటే చాలు, టీషర్టు ఇచ్చి నిలబెట్టేస్తారు. దీనివల్ల జరిగే నష్టం చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. ఆపరేషన్‌లో పడిపోయిన బీపీని నిలబెట్టడానికి వాడే మెఫెంటర్‌మైన్ ఇంజెక్షన్‌ని, కసరత్తులో ఊపు కోసమని కుర్రాళ్లకు అమ్ముతున్నారు. ఈ ఊళ్లోనే పోలీసులు పట్టుకున్న కేసులున్నాయి. అది గుండెతో చెలగాటం. మీ పిల్లలు జిమ్‌కి వెళ్తుంటే ఈ మాట వాళ్ల చెవిన వేయండి. డబ్బు కట్టే ముందు ట్రైనర్‌ని సర్టిఫికెట్ చూపించమనండి, గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి చేసే సీపీఆర్ వచ్చా అని అడగండి. నిజంగా నేర్చుకున్నవాడు నొచ్చుకోడు.

మా కష్టం కూడా ఒక మాట చెప్పుకోవాలి. చాలామందికి నెలజీతం నామమాత్రం. క్లయింట్ కట్టినదాంట్లో వాటాయే బతుకు. వాళ్లు ఊరెళ్తే ఆ వారం మాకు రాబడి ఉండదు. ఈ టెన్షన్ తట్టుకోలేక, పని బాగా తెలిసినవాళ్లే వేరే దారి చూసుకుంటున్నారు.

శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతం నాడు ఆవిడ ఫోన్ చేశారు. హారతి పళ్లెం రెండు చేతులా పట్టుకునే కింద నుంచి లేచారట. లేస్తూ "ఒకటి" అని పైకే అన్నారట.