చెంపకు కుదిరిన చెక్క

నేను: అన్నయ్యా, మొన్న నీ గదిలో టేబుల్ మీద ఎయిర్ రైఫిల్ విప్పి ఉంది, కింద అంతా చెక్క పొట్టు. ఏం చేస్తున్నావో మనవాళ్ళకి చెప్పు.

అన్నయ్య: విప్పింది స్టాక్ ఒక్కటే రా, చెక్క భాగం. అదీ లోపల పెల్లెట్, అంటే కాల్చే చిన్న గుండు, లేదని రెండుసార్లు చూసుకున్నాకే. చెంప ఆనించే చోట ఎత్తు చాలక రెండేళ్ళుగా మెడ వంచి కాలుస్తున్నా, గంట దాటితే మెడ పట్టేసేది. అందుకని ముందు అట్టముక్కలు ఒక్కొక్కటీ టేపుతో అతికించి చూశా. కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, చెంప హాయిగా ఆనించి, అప్పుడు కళ్ళు తెరవాలి. గురి చూసే సైటులోంచి టార్గెట్ దానంతటదే కనబడితే ఎత్తు కుదిరినట్టే. నాకు ఐదో అట్టకి కుదిరింది. ఆ మందానికి అంకుడు కర్ర చెక్కా.

నేను: ఏటికొప్పాక బొమ్మల కర్రా?

అన్నయ్య: అదే. మెత్తటి కర్ర, చాకుకి ఇట్టే లొంగుతుంది, పైగా తేలిక. పోటీలో రైఫిల్ బరువు అయిదున్నర కిలోలు దాటకూడదు కదా.

నేను: చాలామంది లోపల గాలిని నెట్టే స్ప్రింగు మార్చి పవర్ పెంచుతారంట?

అన్నయ్య: నేను ముట్టను, నువ్వూ ముట్టకు. బిగించి ఉన్న స్ప్రింగు విప్పేటప్పుడు ఎగిరి మొహానికి తగిలిందంటే కన్ను పోతుంది. పైగా 2016 ఆయుధాల నిబంధనల్లో పెల్లెట్ బయటికొచ్చే శక్తికి 20 జౌల్స్ అని గీత ఉంది, అది దాటితే లైసెన్స్ కావాలి. అసలు మేం కాల్చే టార్గెట్ పది మీటర్ల దూరంలోదే, దానికి పవర్ దేనికి? 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిన ఈవెంట్ ఇదే, టార్గెట్ నడిమి చుక్క అర మిల్లీమీటరు. దాన్ని కొట్టేది స్ప్రింగు బలం కాదు రా, కదలకుండా నిలబడ్డ ఒళ్ళు.

నేను: మరి మన తుప్పు సంగతి?

అన్నయ్య: అబ్బా, అది గుర్తుచేయకు! పెదవాల్తేరులో మన ఇల్లు సముద్రానికి దగ్గర. పోయిన వానాకాలం స్పాంజి పెట్టెలో పెట్టి మూడు నెలలు తియ్యలేదు. తీసేసరికి బ్యారెల్ మీద, స్పాంజి ఆనుకున్న చోటల్లా ఎర్రటి చుక్కలు. స్పాంజి చెమ్మ పట్టి ఉంచుతుంది కదా. ఇప్పుడు కాల్చిన ప్రతిసారీ పొడిబట్టతో చెమట తుడిచి, నూనె పట్టించిన గుడ్డతో బ్యారెల్ పైపైన ఒక్కసారి రుద్ది, బీరువాలో నిలబెట్టి పెడుతున్నా. నూనె లోపలికి మాత్రం పోనివ్వను, స్ప్రింగు రైఫిల్లో అది మండి, గాలి బయటికి పోకుండా ఆపే సీలుని పాడుచేస్తుంది.

నేను: చెక్కకి వార్నిష్ వేశావా?

అన్నయ్య: ఇంకా లేదు. ఈ ఆదివారం అరవై షాట్లు పూర్తిగా కాల్చి, చెంపకి ఎక్కడ గుచ్చుకుంటుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, అక్కడ ఇంకాస్త గీకి అప్పుడు వేస్తా.