పెరిగిన వడ్డీలో డిపాజిటుదారు వాటా

(బ్యాంకుల జాతీయీకరణ దినం సందర్భంగా 2025 జులై 19న శ్రీకాకుళంలో జరిగిన సభలో ఒక విశ్రాంత కామర్సు అధ్యాపకుడి ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ ఉక్కలో ఇంతసేపు ఓపికగా కూర్చున్న మీకందరికీ నమస్కారం. 1969లో ఇదే రోజున 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసిన కథను నాకన్నా ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు గనుక ఆ జోలికి పోను. వడ్డీ రేట్లు పెరిగినప్పుడు బ్యాంకులకు అయాచితంగా కలిసివచ్చే లాభాన్ని ప్రజల ఖర్చులకు మళ్లించవచ్చునా అన్నదే నేను ఎత్తుకునే విషయం.

ఈ వాదన ఐరోపాలో గట్టిగా సాగింది. 2022 జులై దాకా యూరోపియన్ కేంద్ర బ్యాంకు దగ్గర డబ్బు ఉంచుకున్నందుకు వాణిజ్య బ్యాంకులే ఏడాదికి అర శాతం ఎదురు చెల్లించేవి. 2023 సెప్టెంబరుకల్లా అదే డబ్బుకు వాటికి 4 శాతం వడ్డీ రావడం మొదలైంది. అప్పు తీసుకున్నవారి వాయిదాలు పెరిగాయి. ఖాతాలో డబ్బు వేసుకున్నవారికి దక్కింది మాత్రం స్వల్పం. ఈ రెంటి నడుమ మిగిలిన లాభం కొత్త శాఖ తెరిచో, కొత్త రైతును నమ్మి అప్పిచ్చో సంపాదించినది కాదు.

ఇటలీ ప్రభుత్వం 2023 ఆగస్టు 7న ఈ అదనపు వడ్డీ ఆదాయం మీద 40 శాతం పన్ను వేస్తున్నామని ప్రకటించింది. మర్నాడు బ్యాంకు షేర్లు కుప్పకూలగానే పన్నుకు గరిష్ఠ పరిమితి పెట్టారు. ఆ తరువాత, పన్ను కట్టే బదులు దానికి రెండున్నర రెట్ల సొమ్మును బ్యాంకు తన రిజర్వులోనే ఉంచుకోవచ్చునని వెసులుబాటు ఇచ్చారు. అలా ఇస్తే కట్టేవాడెవడు? పెద్ద బ్యాంకులు రిజర్వునే ఎంచుకున్నాయి. ఖజానాకు చెప్పుకోదగినదేమీ రాలేదు. లిథువేనియా చిన్న దేశమే అయినా పని నేర్పుగా చేసింది. అంతకుముందు నాలుగేళ్ల సగటు కన్నా నికర వడ్డీ ఆదాయం, అంటే వసూలైన వడ్డీలో తాము చెల్లించిన వడ్డీ పోగా మిగిలేది, సగానికి మించి పెరిగితే, ఆ మించిన భాగంలో 60 శాతం చెల్లించాలన్నది. ఆ సొమ్ము దేశరక్షణకు పనికివచ్చే రోడ్లు వగైరాలకే ఖర్చు పెడతామని ముందే చెప్పింది. ఖర్చు పేరు ముందుగా చెప్పడమే అందులో నాకు నచ్చిన సంగతి.

మరి మన దేశంలో ఏం జరిగింది? రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటును రెపో అంటారు. 2022 మేలో 4 శాతం ఉన్న ఆ రెపో రేటు 2023 ఫిబ్రవరికి 6.5 శాతమైంది. 2019 అక్టోబరు నుంచి ఇళ్ల అప్పులను రెపో వంటి బయటి రేటుతో ముడిపెట్టారు గనుక, పెరిగిన ప్రతిసారీ ఆ భారం నెలల్లోనే వాయిదాదారు మీద పడింది. ఫిక్స్‌డ్ డిపాజిట్లకు వడ్డీ పెంచారు, కాదనను. కానీ స్టేట్ బ్యాంకులో సామాన్యుడి పొదుపు ఖాతాకు ఆ కాలమంతా 2.70 శాతమే. తీరా ఈ ఏడాది రెపో తగ్గుముఖం పట్టాక, మొన్న జూన్‌లో దాన్ని 2.50కి దించారు. పెరిగేటప్పుడు కదలని రేటు తగ్గేటప్పుడు మాత్రం కదిలిందన్నమాట! ఇది మీలో ఎంతమంది పాస్‌బుక్కు తెరిచి చూసుకున్నారు?

ఇక్కడ కవిటి దగ్గరి ఒకావిడ సంగతి చెప్పాలి. ఇది నేను చాలా సభల్లో చెప్పాను, విన్నవారు మన్నించాలి. ఆమె కొడుకు నా దగ్గర చదువుకున్నాడు. ఆమె భర్తకు డయాలసిస్ జరుగుతోంది. కిడ్నీ జబ్బులు ప్రబలిన మన ఉద్దానంలో ఆ మాటకు వివరణ అక్కరలేదు. ఎప్పుడు ఏ అవసరం పడుతుందోనని కొబ్బరికాయలు అమ్మిన డబ్బును ఆమె ఫిక్స్‌డ్‌లో వేయకుండా పొదుపు ఖాతాలోనే ఉంచుకునేది. ఒకసారి నిల్వ తగ్గిందని ఆమె ఖాతా ఉన్న బ్యాంకు జరిమానా కోసింది. పాస్‌బుక్కు పట్టుకొచ్చి, "ఏటి మాస్టారూ, నా డబ్బులు ఆల దగ్గిర ఎట్టినందుకు నేనే ఆలకి కట్టాలేటి?" అని అడిగింది. డబ్బు దాచినందుకు అర శాతం ఎదురు కట్టవలసి వస్తే ఐరోపా బ్యాంకులు ఏళ్ల తరబడి గోలపెట్టాయి. ఈమె గోల విన్నవాణ్ని నేనొక్కణ్ని. 2023-24తో ముగిసిన అయిదేళ్లలో కనీస నిల్వ లేదన్న పేరిట ప్రభుత్వరంగ బ్యాంకులు దాదాపు రూ.8,500 కోట్లు వసూలు చేశాయని పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. కొన్ని బ్యాంకులు ఇటీవల ఈ జరిమానా ఎత్తివేశాయి, సంతోషం. ఆ కోసుకున్నది మాత్రం తిరిగి ఇవ్వలేదు.

చెడ్డ రోజులకు లాభం దాచుకోవద్దా అని బ్యాంకర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే మొండి బకాయిలతో బ్యాంకులు కుంగినప్పుడు, 2016-17 నుంచి 2020-21 దాకా, వాటికి రూ.3 లక్షల కోట్లకు పైగా మూలధనం సమకూర్చింది ప్రజల ఖజానాయే. చెడ్డ రోజుల్లో భరించినవారికి మంచి రోజుల్లో వాటా అడిగే హక్కు లేదా? ప్రభుత్వరంగ బ్యాంకుల లాభం 2024-25లో రూ.1.78 లక్షల కోట్లు. ఇవి ప్రభుత్వం సొంత బ్యాంకులే కదా, లాభంలో వాటాగా డివిడెండు ఎలాగూ వస్తుంది, పన్నెందుకు అనేవారున్నారు. వస్తుంది, వచ్చి అన్ని పద్దుల్లోనూ కలిసిపోతుంది. ప్రైవేటు బ్యాంకుల దగ్గర ఆ మాట కూడా చెల్లదు.

పన్ను వేస్తే ఆ భారాన్ని కూడా ఖాతాదారు నెత్తినే రుద్దుతారన్న భయం నాకూ ఉంది. అందుకే ముందు పొదుపు ఖాతా వడ్డీ రెపోతో పాటు కదలాలనీ, అలా కదిలాక కూడా మిగిలే అసాధారణ లాభం మీదనే, గడువు పెట్టి, పన్ను వేయాలనీ నా అభిప్రాయం. ఖర్చు పేరు చట్టంలోనే రాయాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. అక్కడి దాకా వారానికి పలుమార్లు వచ్చిపోలేని ఊళ్లకు డయాలసిస్ తీసుకువెళ్లడం ఆ ఖర్చుల్లో మొదటిది కావాలి. అధ్యక్షుల వారు కాసేపట్లో చదవబోయే తీర్మానంలో జాతీయీకరణకు జేజేలు మాత్రమే ఉన్నాయి. దాని కింద ఈ రెండు కోరికలూ చేర్చి, మన పార్లమెంటు సభ్యుడికి పంపాలని కోరుతున్నాను. ఒప్పుకునేవారు చేతులెత్తండి.