అంకెల పక్కన జోన్ రాయండి

గ్రామ సర్వేయర్లుగా శిక్షణ పొందుతున్న మీ అందరికీ నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లో 66 అడుగుల గొలుసుతో కొలిచిన పొలాలను రీసర్వేలో రోవరుతో, అంటే ఉపగ్రహ సంకేతాలతో స్థానం చెప్పే పరికరంతో కొలుస్తున్నాం. హద్దు రాయి ఎక్కడుందో ఇప్పుడు ఈస్టింగ్ (తూర్పు వైపు దూరం), నార్తింగ్ (ఉత్తరం వైపు దూరం) అనే రెండు అంకెలు చెబుతాయి. ఆ రెండే చాలవని చెప్పడానికి వచ్చాను.

ఈ అంకెలు యూటీఎం అనే పటాల పద్ధతివి. అందులో భూమిని 6 డిగ్రీల వెడల్పున 60 జోన్లుగా విడగొట్టారు. మన రాష్ట్రం వాటిలో మూడింటి మీద పరుచుకుంది. 78 డిగ్రీల రేఖాంశానికి పడమరనున్న అనంతపురం, ఆదోని 43వ జోన్‌లో ఉన్నాయి. 84 డిగ్రీలు దాటిన పలాస, ఇచ్ఛాపురం 45లో పడతాయి. నడుమ ఉన్నదంతా 44. ఒక్క శ్రీకాకుళం జిల్లాలోనే జిల్లా కేంద్రం ఒక జోన్, పలాస మరో జోన్! పైగా ప్రతి జోన్ నడిమి రేఖకూ ఈస్టింగ్ 5,00,000 మీటర్లే. జోన్ సంఖ్య రాయకపోతే అవే అంకెలు ఉత్తరార్ధగోళంలో 60 చోట్లకు సరిపోతాయి.

డేటం, అంటే కొలతకు ఆధారంగా తీసుకున్న భూమి నమూనా, కూడా రాయాలి. పాత పటాలకు ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ అనే భూమి ఆకార నమూనా ఆధారం, జీపీఎస్‌కు డబ్ల్యుజీఎస్-84 అనే మరో నమూనా. సవరించకుండా ఒకదానిపై ఒకటి పెడితే పొలం వంద మీటర్లకు పైగా జరిగిపోతుంది.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టేది విస్తీర్ణం. గుండ్రటి నేలను చదును చేసే లెక్కలో నడిమి రేఖ మీద కిలోమీటరుకు 40 సెంటీమీటర్లు తగ్గుతుంది. నడిమి రేఖ దగ్గరున్న ఏలూరులో 4,840 చదరపు గజాల ఎకరం గ్రిడ్ (చదును చేసిన పటం) మీద సుమారు 4,836 అవుతుంది. నడిమి రేఖకు దూరంగా ఉన్న చోట కొలత పెరుగుతుంది కాబట్టి అనంతపురంలో అదే ఎకరం సుమారు 4,845. నేల పెరగలేదు, తరగలేదు. స్కేల్ ఫ్యాక్టర్‌తో (గ్రిడ్ కొలతకు, నేల కొలతకు ఉన్న నిష్పత్తితో) సరిచేయని కాగితం చూసి రైతు తన గజాలు పోయాయనుకుంటే తప్పు అతనిది కాదు.

అమెరికాలో 1930ల నుంచే రాష్ట్రాలకు సొంత జోన్లున్నాయి. టెక్సాస్‌కు 5. గ్రిడ్ దూరానికి, నేల దూరానికి తేడా పదివేలలో ఒక వంతు దాటకూడదన్న లక్ష్యంతో వాటిని గీశారు. మనం వాడే యూటీఎం నడిమి రేఖ దగ్గర అది పదివేలలో 4 వంతులు. భూమి హక్కుల కోసం ఇంత శ్రమపడుతున్న మన రాష్ట్రానికీ అలాంటి జోన్లు కావాలని నేను గట్టిగా కోరుతున్నాను.

అంతవరకు, రోవరు తెరవగానే ముందు జోన్, డేటం చూడండి. వాటినే పటం మీదా రాయండి. విస్తీర్ణం గ్రిడ్ మీదదో నేల మీదదో కూడా రాయండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.