నీడతోక: స్క్విరల్ అనే మాట వెనక ఏముంది

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ ఒకే ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం. ఉడుతను ఇంగ్లీషులో స్క్విరల్ అంటారు కదా, ఆ మాట గురించి. ఒక పట్టాన నోరు తిరగదు, స్పెల్లింగు చూస్తే ఇంకా తికమక. ఇంత చిన్న జంతువుకి ఇంత మెలికల పేరు ఎవరు పెట్టి ఉంటారా అని వెతుక్కుంటూ వెళ్తే, మూడు భాషలు దాటి గ్రీకు దగ్గర తేలతాం.

అసలు ఇది ఇంగ్లీషువాళ్ల సొంత మాట కాదు. 14వ శతాబ్దంలో ఇంగ్లీషు రాతల్లో కనిపించడం మొదలైంది, వచ్చింది ఫ్రెంచి నుంచి. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడి దొరలూ కోర్టులూ మాట్లాడింది ఫ్రెంచే కాబట్టి మాటలు గుంపులు గుంపులుగా దిగాయి, వాటిలో ఎస్క్యురెల్ ఒకటి. ఆ ఎస్క్యురెల్‌కి మూలం లాటిన్‌లోని స్కియూరస్. మొదట లాటిన్‌వాళ్లు దానికి ముద్దుగా ఒక తోక తగిలించి ‘చిన్న ఉడుత’ అనే అర్థం వచ్చేలా స్కూరియోలుస్ అన్నారు, అది ఫ్రెంచి నోళ్లలో నలిగి ఎస్క్యురెల్ అయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. లాటిన్‌లో లేని ‘ఎ’ ఫ్రెంచిలో మొదటికి ఎలా వచ్చింది? మనం స్కూలుని ఇస్కూలు, స్టేషనుని ఇస్టేషను అని ఎలా అంటామో అలాగే వచ్చింది. మాట సకారంతో మొదలై వెంటనే ఇంకో హల్లు తగిలితే నాలుకకి కష్టం, ముందు ఒక అచ్చు ఆసరాగా పెట్టుకుంటే సులువు. ఫ్రెంచివాళ్లు చేసింది అచ్చం ఇదే. లాటిన్‌లో బడిని స్కోలా అంటే వాళ్లు ఎస్కోల్ అన్నారు, తర్వాత మధ్యలో ఉన్న సకారాన్ని కూడా మింగేసి ఎకోల్ చేశారు. ఉడుతకీ అదే గతి పట్టింది, ఇవాళ్టి ఫ్రెంచిలో అది ఎక్యురెయ్. ఇంగ్లీషువాళ్లు మాత్రం ఆసరాగా ఉన్న ఆ ‘ఎ’ని వదిలేసి సకారాన్ని ఉంచుకున్నారు. అందుకే స్క్విరల్ దగ్గర నోరు అంత ఇబ్బంది పడుతుంది. ఇస్కూలు అన్నవాళ్లని వెక్కిరించే అలవాటు ఉన్నవాళ్లకి ఈ సంగతి తప్పకుండా చెప్పాలని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే అది తెలియనితనం కాదు, నోరు తన పని తాను చేసుకోవడం.

సరే, లాటిన్ స్కియూరస్ ఎక్కడిది? గ్రీకు స్కియూరోస్ నుంచి. గ్రీకులో స్కియా అంటే నీడ, ఊరా అంటే తోక. రెండూ కలిపితే నీడతోకది, తన తోకతో తనకే నీడ పట్టుకునేది అన్నమాట. 3వ శతాబ్దం మొదట్లో సిరియాలోని అపామియాకు చెందిన ఒక కవి వేట మీద గ్రీకులో పెద్ద కావ్యం రాశాడు, అందులో ఉడుత ఎండాకాలం తోకను పైకెత్తి తన ఒంటికి తానే కప్పు వేసుకుంటుందనీ అందుకే ఆ పేరు దానికి సరిగ్గా సరిపోయిందనీ చెప్పి, పక్కనే నెమలి పింఛాన్ని గుర్తుచేశాడు. అంతకు ముందే, 1వ శతాబ్దంలో, రోమన్ రచయిత ప్లినీ కూడా గుబురుగా ఉండే తోకే ఉడుతకి కప్పుకోవడానికి పనికొస్తుందని రాశాడు.

అయితే భాషాశాస్త్రం చదివినవాళ్లలో కొందరికి ఇక్కడ అనుమానం. గ్రీకులకు ముందు నుంచీ అక్కడ వాడుకలో ఉన్న, అర్థం తెలియని ఏదో మాటను గ్రీకులు తమ చెవికి తెలిసిన నీడ, తోక అనే ముక్కలుగా విడదీసుకుని ఉండొచ్చని వాళ్ల వాదన. అది నిజమే కావచ్చు. అలా అయినా నాకు ఈ పేరు మీద గౌరవం తగ్గదు, ఎందుకంటే అర్థం తెలియని మాటకి అర్థం కల్పించుకోవాల్సి వచ్చినప్పుడు వాళ్ల కళ్లు వెళ్లింది నేరుగా తోక మీదికే.

ఆ ఊహ ఎంత సరైందో చూడాలంటే ఆఫ్రికా దక్షిణ భాగానికి వెళ్లాలి. కలహారి లాంటి ఎండు నేలల్లో కేప్ నేల ఉడుత అని ఒకటి ఉంటుంది, అది చెట్టెక్కదు, బొరియల్లో బతుకుతుంది. నడినెత్తిన ఎండ మండుతున్నప్పుడు అది బయటికొచ్చి వీపును సూర్యుడి వైపు తిప్పి, తోకను వెనక నుంచి వీపు మీదుగా తల దాకా వంచి, వెంట్రుకలన్నీ విప్పి పరిచి, ఆ నీడలో నిదానంగా మేస్తుంది. దీని మీద 1984లో ఒక పరిశోధన వెలువడింది. తోక గొడుగు వల్ల దానికి ఒంటి వేడి అదుపులో ఉండి, బొరియలోకి పరిగెత్తకుండా ఎక్కువసేపు బయట మేయడానికి వీలవుతుందని అందులో తేలింది. నీడతోక అన్న పేరు ఇంతగా నప్పే ఉడుత ఇంకొకటి ఉండదేమో.

తోక విషయం వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. కాలిఫోర్నియా నేల ఉడుత గిలక పాము ఎదురైతే తోక ఊపడమే కాకుండా తోకలోకి రక్తం ఎక్కువగా పంపి దాన్ని వేడెక్కిస్తుంది, ఎందుకంటే ఆ పాము వేడిని పసిగట్టగలదు. వేడిని పసిగట్టలేని పాము ఎదురైతే తోక ఊపుతుంది గానీ వేడెక్కించదు. 2007లో ఇది బయటపడింది. నాకు ఇప్పటికీ నమ్మశక్యంగా అనిపించదు, ఏ పాముకి ఏం చూపించాలో ఆ పిడికెడు ప్రాణికి తెలుసు!

మళ్లీ మాట దగ్గరికి వద్దాం. ఫ్రెంచి మాట రాకముందు ఇంగ్లీషువాళ్లు ఉడుతను ఏమనేవాళ్లు? ఆక్వెయోర్న అనేవాళ్లు. దాని చుట్టాలు ఇంకా బతికే ఉన్నాయి, స్వీడిష్‌లో ఎకొర్రె, డచ్‌లో ఏక్‌హోర్న్, జర్మన్‌లో ఐష్‌హోర్న్‌షెన్. జర్మన్ మాటను ఇవాళ్టి అర్థాలతో విడదీస్తే ఓక్ చెట్టు చిన్న కొమ్ము అని వస్తుంది. కొమ్ము అంటే చెట్టు కొమ్మ కాదు, ఎద్దుకి ఉండే కొమ్ము! ఉడుతకి కొమ్ములెక్కడివి? ఇది కూడా పాత మాట అర్థం మర్చిపోయి కొత్త అర్థం అతికించుకున్న బాపతే. మొదటి భాగం చురుగ్గా కదలడం అనే అర్థమున్న పాత ధాతువు అయి ఉండొచ్చనీ, రెండో భాగమే అసలు ఉడుత పేరనీ పండితులు అంటారు. ఆ రెండో భాగానికి బంధువులు తూర్పు వైపు కనిపిస్తాయి. చెక్‌లో వెవెర్కా, పోలిష్‌లో వ్యెవ్యూర్కా, లిథువేనియన్‌లో వొవెరే. ఒకే శబ్దాన్ని రెండుసార్లు అన్నట్టుంది చూశారా?

రష్యన్లు కూడా ఒకప్పుడు వేవేరిత్స అనేవాళ్లే. బొచ్చుకి మంచి ధర పలికే తెల్ల రకాన్ని తెల్ల వేవేరిత్స అంటూ అంటూ, చివరికి వేవేరిత్స జారిపోయి తెల్లదనే మాటే మిగిలింది. అదే బెల్కా. 1960 ఆగస్టులో అంతరిక్షంలోకి వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చిన రెండు కుక్కల్లో ఒకదాని పేరు కూడా బెల్కాయే.

నాకు అన్నిటికంటే నచ్చిన పేరు మాత్రం అమెరికా ఖండానిది. అక్కడి ఆదివాసులైన ఓజిబ్వేలు ఎర్ర ఉడుతను అజిదమో అన్నారు, తలకిందులుగా చెట్టు దిగేది అని దానికి అర్థం. చారల చిన్న ఉడుతకి ఇంగ్లీషులో ఉన్న చిప్‌మంక్ అనే పేరు ఆ మాట నుంచి వచ్చిందే, ముందు చిట్‌మంక్ అని ఉండేది. ఈసారి ఉడుత చెట్టు దిగేటప్పుడు దాని వెనక కాళ్లను గమనించండి. పిల్లి చెట్టెక్కితే దిగడానికి వెనక్కి వెనక్కి నడుస్తుంది, ఉడుతకి ఆ కష్టం లేదు. దాని వెనక పాదాలు చీలమండ దగ్గర పూర్తిగా వెనక్కి తిరిగిపోతాయి, గోళ్లు పైవైపు బెరడుకి కొక్కేల్లా పట్టుకుంటాయి, ఒళ్లంతా వాటికి వేలాడుతూ ఉంటే తల కిందికి పెట్టి ధైర్యంగా దిగుతుంది. మధ్యలో ఆగి అటూ ఇటూ చూస్తుంది కూడా. ఓజిబ్వేలు పట్టుకున్నది ఆ క్షణాన్నే.

శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లూ తక్కువేం కాదు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ చెట్టు ఉడుతల ప్రజాతికి ఆ పాత స్కియూరస్ పేరే ఖాయం చేశాడు. భారతదేశంలో, శ్రీలంకలో ఉండే వీపు మీద చారల ఉడుతల ప్రజాతి పేరు ఫునాంబులస్, అంటే తాడు మీద నడిచేవాడని అర్థం. కరెంటు తీగ మీద పరిగెత్తే ఉడుతను చూసినవాళ్లెవరికీ దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. చిప్‌మంక్ ప్రజాతి పేరు టామియాస్, గ్రీకులో భాండాగారం చూసుకునేవాడు.

భాండాగారం అనగానే గుర్తొచ్చింది. 20వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు స్క్విరల్‌ని క్రియగా కూడా వాడటం మొదలుపెట్టారు, స్క్విరల్ అవే అంటే ముందుముందు అవసరానికని దాచిపెట్టుకోవడం. అందులో ఎవరి కంటా పడకుండా అనే ఛాయ కూడా ఉంది. అది ఊరికే వచ్చిన ఛాయ కాదు. బూడిదరంగు ఉడుత గింజలన్నీ ఒకే చోట పోగెయ్యదు, ఒక్కోదాన్ని ఒక్కో చోట పాతిపెడుతుంది. చుట్టుపక్కల ఇంకో ఉడుత చూస్తోందనుకుంటే గుంట తవ్వుతుంది, మూతి లోపలికి పెడుతుంది, మట్టి కప్పుతుంది, ముందు కాళ్లతో అదుముతుంది, పైన ఆకులు కూడా లాగి పరుస్తుంది. గింజ మాత్రం ఇంకా దాని నోట్లోనే ఉంటుంది. ఆ తర్వాత వేరే చోటికి వెళ్లి నిజంగా పాతుతుంది.

ఇవాళ్టికి ఇంతే, ఉంటాను.